మొన విరగని మడత కత్తి ఉందా? మూడోది కూడా పోయింది

#1 మిద్దె_మొక్కలు
రెండేళ్లలో ఇది మూడో మడత కత్తి. మూడింటికీ ఒకటే జబ్బు. వాదర బాగానే ఉంటుంది, మొన మాత్రం ఎగిరిపోతుంది. నిన్న ఐదు కిలోల కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకను నానబెట్టే ఓపిక లేక, పొరల మధ్య మొన దించి కాస్త పక్కకు తిప్పానో లేదో టిక్కుమంది. మూడు మిల్లీమీటర్ల ముక్క ఇటుకలోనే ఉండిపోయింది. అది ఏ కుండీలోకి చేరి ఎప్పుడు ఎవరి వేలికి గుచ్చుకుంటుందో అని ఇప్పుడు ఇంకో దిగులు.

మొదటి కత్తి పెయింటు డబ్బా మూత దగ్గర పోయింది. రెండోది కొబ్బరి చిప్ప దగ్గర.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. జేబులో పట్టాలి, వాదర 7–8 సెంటీమీటర్లు ఉండాలి, ధర మూడు వేల లోపు. పని అంతా మిద్దె తోటలోనే: డ్రిప్ పైపు కోయడం, ఎరువు బస్తాలు విప్పడం, పురికొస తెంపడం, మధ్యలో ఎప్పుడైనా ఒక జామకాయ. ఏ ఉక్కు తీసుకుంటే మొన విరగదో చెప్పండి. పోయిన మూడింటిలో ఒకదాని మీద డి2 అని ఉక్కు రకం పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అదే అన్నిటికంటే తొందరగా విరిగింది.

#2 పాత_ఇనుము
కత్తులకు జబ్బేమీ లేదు. వైద్యం మీ మణికట్టుకు కావాలి.

#3 తాటి_ముంజ
#2 కాస్త కటువుగా ఉంది కానీ అబద్ధం కాదు. పెయింటు డబ్బా, కొబ్బరి చిప్ప, కోకోపీట్. మూడూ పెకలించే పనులే, కోసే పని ఒక్కటీ లేదు.

కొబ్బరి మాటకొస్తే, పగలగొట్టిన చిప్పను కాసేపు పొయ్యి మంట మీద చూపించండి. కొబ్బరి దానంతటదే చిప్పను వదిలేస్తుంది. కత్తితో కుస్తీ అక్కర్లేదు.

#4 మిద్దె_మొక్కలు
మంట చిట్కాకు కృతజ్ఞతలు. కానీ కత్తి అన్నాక కాస్త అటూ ఇటూ తిప్పకుండా ఎవరు వాడతారు? ఆ మాత్రం తట్టుకునే కత్తి లోకంలో లేదా అన్నదే నా ప్రశ్న.

#5 పాత_ఇనుము
ఉంది. దాని పేరు స్క్రూడ్రైవర్.

సరే, సరిగా చెబుతాను. ముప్పై ఏళ్లు టూల్‌రూములో పనిచేశాను, డి2 తో నా సగం ఆయుష్షు గడిచింది. ఆ ఉక్కు పుట్టింది అచ్చుల కోసం. రేకును లక్షల సార్లు గుద్ది చిల్లు పొడిచే డై అరగకూడదు, అందుకు చేసినది. ఒకటిన్నర శాతం దాకా కర్బనం, పన్నెండు శాతం దాకా క్రోమియం ఉంటాయి. ఆ రెండూ కలిసి ఉక్కు లోపల గట్టి కార్బైడ్ పలుకులుగా ఏర్పడతాయి. అన్నంలో రాళ్లు ఉన్నట్టు అనుకోండి. అరుగుదలకు అవి అడ్డుగోడలే, కానీ పక్కకు వంచినప్పుడు పగులు మొదలయ్యేది కూడా వాటి దగ్గరే. బస్తాలూ అట్టపెట్టెలూ నెలల తరబడి కోయడానికి డి2 మంచిదే. మొన దించి మెలి తిప్పడానికి తగదు.

చాలామంది గట్టిదనాన్నీ, విరగకుండా ఉండే గుణాన్నీ ఒకటే అనుకుంటారు. గాజు గట్టిదే కదా! గట్టిదనం చెప్పే రాక్‌వెల్ సి కొలతలో 60–61 దగ్గర ఉన్న వాదర పదును నిలుపుకుంటుంది, కానీ మొన మొండికేస్తే పుటుక్కుమంటుంది. 55–56 దగ్గర ఉన్నది త్వరగా మొద్దుబారుతుంది, కానీ మొన ముందు వంగుతుంది. వంగినదాన్ని సరిచేసుకోవచ్చు. విరిగినదాన్ని కోకోపీట్‌లో వెతుక్కోవాలి.

ఇక ఏ ఉక్కు అన్న మీ ప్రశ్న. అంతకు ముందు అడగవలసింది మొన దగ్గర ఎంత ఉక్కు మిగిలింది అని. మందం సగమైతే బలం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. వంగకుండా నిలిచే బిగువైతే ఎనిమిదో వంతు. అందమైన సన్నటి మొన ఎందుకు విరుగుతుందో లెక్క అక్కడే ఉంది.

#6 స్విస్_చాకు
ఇంత చర్చ ఎందుకు? స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ వాళ్ల 91 మిల్లీమీటర్ల సైజులో (మడిచినప్పటి పొడవు) ఏదో ఒకటి తీసుకోండి. వాదర ఉక్కు 56 దగ్గరే ఉంటుంది, అంటే పాత_ఇనుము గారు చెప్పిన వంగే జాతి. పైగా డబ్బా తెరిచే పలక వేరే, సీసా మూత తీసే పలక వేరే ఉంటాయి. పెయింటు డబ్బా మూత ఎత్తడానికి ఆ సీసా పలక చివర భేషుగ్గా పనికొస్తుంది. సైన్యాధికారుల కత్తిగా 1897 లో నమోదైన నమూనా ఇది, ఇప్పటికీ అదే వరస.

#7 తాటి_ముంజ
ఆ పేరులోని ఐనాక్స్ సినిమా హాలు వాళ్లదా?

#8 స్విస్_చాకు
తుప్పు పట్టని ఉక్కుకు ఫ్రెంచిలో ఆ పేరు. స్థాపకుడు కార్ల్ ఎల్సెనర్ తన తల్లి విక్టోరియా పేరును ముందు పెట్టుకున్నాడు, 1921 లో ఐనాక్స్ తోడైంది. పాప్‌కార్న్ ఇవ్వరు.

#9 అంటు_కత్తి
కడియం వైపు నర్సరీలో అంటు కట్టే పని మాది. రోజంతా చేతిలో మడత కత్తే. నా కత్తికి అసలు మొన లేదు.

అంటు కత్తి వాదర గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. సాన ఒక వైపే పడతాము, రెండో వైపు చదును. మామిడి పుల్ల మీద ఏటవాలుగా ఒక్క ఊపులో కోత పడాలి, ఎగుడుదిగుళ్లు ఉండకూడదు. రెండు కోతలూ అతుక్కుని బెరడు కింది పచ్చి పొర పొరకు తగిలితేనే అంటు పడుతుంది. ఈ పని అంతా వాదర మధ్య భాగంతోనే. మొన ఉన్నా వాడము, ఉంటే పక్క కొమ్మకు గుచ్చుకుంటుంది.

ఇంకొక మాట. గులాబీకి కన్ను అంటు కట్టేటప్పుడు బెరడు పైకి లేపాలి. దానికి కత్తి వాడము. పిడికి రెండో చివర నున్నటి నాలుకలాంటిది ఉంటుంది, దానితో లేపుతాము. కోసేది వేరు, లేపేది వేరు. మీరు రెండు పనులూ ఒకే మొనకు అప్పజెప్పారు.

#10 మిద్దె_మొక్కలు
అంటు_కత్తి గారూ, మొన లేకపోతే ఎరువు బస్తాను ఎక్కడ గుచ్చాలి?

#11 అంటు_కత్తి
బస్తాను గుచ్చడమెందుకు? మూతి దగ్గర కుట్టు ఉంటుంది కదా. ఒక వైపు గొలుసులా, రెండో వైపు ఒంటి దారంలా కనిపిస్తుంది. ఒక చివర దారం తెంపి లాగితే మొత్తం సర్రున జారిపోతుంది. రాకపోతే రెండో చివర నుంచి లాగండి.

#12 తాటి_ముంజ
ఆ వచ్చే చివర ఏదో నలభై ఏళ్లలో ఒక్కసారీ నాకు మొదటి ప్రయత్నంలో దొరకలేదు. బియ్యం బస్తా దగ్గర ఇంట్లో పరువు పోతుంటుంది.

#13 రేవు_పక్క
మొన లేని కత్తికి నా ఓటు కూడా. పడవ మీద తాళ్లు కోసేవాళ్లకు షీప్స్‌ఫుట్ ఆకారం బాగా అలవాటు. వాదర తిన్నగా, వెన్ను (వాదరకు ఎదురుగా ఉండే మొద్దు అంచు) చివరికి వచ్చి కిందికి వంగి వాదరను కలుస్తుంది. పడవ ఊగినప్పుడు ఎవరికీ గుచ్చుకోదు, జారి కాలి మీద పడినా మొన దిగదు. పేరుకు గొర్రె పాదం గానీ పనికి ఎద్దు.

#14 స్విస్_చాకు
ఆయనకు జామకాయ కూడా కోయాలట. తిన్నటి వాదరతో పండు కోయడం, గింజలు తీయడం ఎంత విసుగో తెలుసా? కాస్త పొట్ట ఉన్న, అంటే బయటికి వంపు తిరిగిన వాదర కావాలి.

#15 పాత_ఇనుము
స్విస్_చాకు గారితో ఒక దగ్గర విభేదిస్తాను. మీరు చెప్పిన 91 సైజులో వాదర తెరిచాక లాకు ఉండదు, స్ప్రింగు పట్టు మాత్రమే. కోతకు అది చాలు. కానీ మొనతో గట్టి ప్లాస్టిక్ డబ్బాకు చిల్లు పొడవాలనుకోండి, నెట్టిన చోట మొన ఆగిపోయి వాదర వెనక్కి మడుచుకుంటుంది. వెనక ఏముంటాయి? మీ వేళ్లు. నా కుడి చూపుడు వేలు మీద మూడు కుట్ల గుర్తు 1994 నుంచి ఉంది. ఆ రోజు నేను పొడిచింది నూనె డబ్బా.

మొన వాడే మనిషికి లాకు ఉండాలి. ఈయన మొన వాడతాడని ఇప్పటికే మూడుసార్లు రుజువు చేశాడు.

#16 బర్మింగ్‌హామ్_బాబు
లాకు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా దగ్గర బ్రిటన్‌లో లెక్క తలకిందులు. మూడు అంగుళాల లోపు వాదర ఉండి, లాకు లేకుండా మడిచే జేబు కత్తిని కారణం చెప్పకుండా వెంట ఉంచుకోవచ్చు. తెరిచాక లాకు పడేదైతే ఆ మినహాయింపు వర్తించదు, బయటికి తీసుకెళ్లడానికి సరైన కారణం చూపాలి. వేలు తెగే కత్తికి అనుమతి, తెగకుండా కాపాడే కత్తికి సంజాయిషీ. సెలవులకు వచ్చేవాళ్ల చేత ఇక్కడికి కత్తి తెప్పించుకునేవారు ఇది గుర్తుపెట్టుకోండి.

#17 రాత్రి_కాగితాలు
మన దగ్గర సంగతి అడుగుతారని ముందే రాస్తున్నాను. ఆయుధాల నియమాలు 2016 ప్రకారం వాదర 9 అంగుళాల కంటే పొడవైనా, 2 అంగుళాల కంటే వెడల్పైనా అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి అందులోంచి మినహాయింపు. మిద్దె_మొక్కలు గారి 8 సెంటీమీటర్లు ఆ దరిదాపుల్లో కూడా లేవు. అయితే మీట నొక్కితే ఎగిరి తెరుచుకునేవాటి జోలికి వెళ్లకండి, వాటి మీద ఢిల్లీ లాంటి చోట్ల వేరే నిషేధాలున్నాయి. విమానంలో చేతి సంచిలో ఏ కత్తీ పెట్టవద్దు, చెక్ ఇన్ సామానులో వేయండి. పెళ్లికి వెళ్తూ జేబులో మరిచిపోయి భద్రతా తనిఖీ దగ్గర ఒక మంచి కత్తిని వదిలేసి వచ్చిన అనుభవం నాది.

#18 మూస_ఉక్కు
అందరూ స్విస్ అంటారు. ఒకప్పుడు మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తులకే డమాస్కస్ పేరు వచ్చింది. ఇప్పుడు అలాంటి కత్తులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, నీటి అలల్లాంటి గీతలతో. అది కొనండి, మొన విరగదు.

#19 పాత_ఇనుము
కోనసముద్రానికి నమస్కారం. కానీ ఆన్‌లైన్‌లో డమాస్కస్ పేరుతో అమ్మేది ఆ ఉక్కు కాదు. రెండు రకాల ఉక్కు పలకలను పేర్చి, కొలిమిలో అతికించి, మడిచి, ఆమ్లంలో ముంచితే ఆ గీతలు తేలతాయి. చూడటానికి బాగుంటుంది. మొన బలం లోపలి ఉక్కును బట్టీ, దాన్ని కాచి చల్లార్చి గట్టిపరచిన తీరును బట్టీ ఉంటుంది, పైన గీతలను బట్టి కాదు. పాత మూస ఉక్కు సంగతికొస్తే అందులోనూ కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉండేది. దానితో కూడా ఎవరూ కోకోపీట్ పెకలించి ఉండరు.

#20 చెక్క_పిడి
ఓపినెల్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటి? 1890 నుంచి ఫ్రాన్స్‌లోని సవోయి కొండల వాళ్ల కత్తి. నెంబరు 8 అయితే వాదర 8.5 సెంటీమీటర్లు, మెడ దగ్గర తిప్పితే బిగుసుకునే ఉంగరం లాకు. జామకాయ కోశారంటే గింజకు కూడా తెలియదు. అంత పలచన.

ఆ పలచదనం వల్లే మిద్దె_మొక్కలు గారి చేతికి మాత్రం ఇవ్వవద్దంటాను. పైగా పిడి బీచ్ చెక్క, తడిస్తే ఉబ్బి వాదర బయటికి రావడం కష్టమవుతుంది. నీళ్లు పట్టే మిద్దె తోటలో అది తంటాయే. అయితే పిల్లల కోసం గుండ్రటి మొనతో చేసిన నెంబరు 7 ఒకటి ఉంది. ఆలోచించండి.

#21 మిద్దె_మొక్కలు
నాకు యాభై మూడేళ్లు.

#22 తాటి_ముంజ
మొన విరిగాక పాత మూడూ పిల్లల కత్తులే కదా ఇప్పుడు.

#23 సాన_రాయి
తాటి_ముంజ హాస్యానికి అన్నా అందులో విషయం ఉంది. ఆ మూడు కత్తులను పారేయకండి. మూడు మిల్లీమీటర్లు పోతే కత్తి చనిపోలేదు, కొత్త మొన చేసుకోవచ్చు.

అందరూ చేసే తప్పు ఒకటి చెబుతాను. విరిగిన చోట వాదర వైపు నుంచి అరగదీసి మొన తెస్తారు. అలా చేస్తే మొన పైకి, వెన్ను వైపుకు జరుగుతుంది. మడిచినప్పుడు వాదర పిడిలోకి వెళ్తుంది, వెన్ను బయట ఉంటుంది. అంటే పైకి జరిగిన మొన పిడి దాటి బయటికి తొంగిచూస్తుంది, జేబులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ పలకరిస్తుంది. ఎప్పుడూ వెన్ను వైపు నుంచే అరగదీయాలి. వెన్నును కిందికి వంచుతూ వాదరను కలిపితే మొన పిడి లోపలే దాక్కుంటుంది, వాదర కూడా చెక్కుచెదరదు. ఇంకో లాభం: మొన వెనక్కి, మందం ఎక్కువ ఉన్న చోటికి జరుగుతుంది కాబట్టి కొత్త మొన పాతదాని కంటే బలంగా వస్తుంది.

220 నెంబరు ముతక రాయి, నీళ్లు, ఓపిక. గంట పట్టవచ్చు. కరెంటు గ్రైండర్ మీద పెట్టవలసి వస్తే రెండు సెకన్లు తాకించి నీళ్లలో ముంచండి, మళ్లీ రెండు సెకన్లు. మొన పలచన కాబట్టి వేడి అక్కడే పోగవుతుంది. గడ్డి రంగు వచ్చిందంటే హెచ్చరిక. నీలం వచ్చిందంటే అక్కడ గట్టిదనం పోయింది, అది ఇక మెత్తటి ఇనుము లాంటిదే.

#24 చెక్క_పిడి
వీధిలో సైకిల్ మీద వచ్చే సాన అతనికి ఇస్తే ఐదు నిమిషాల్లో చేసిపెడతాడు కదా. నేను ఇచ్చాను. మొన వచ్చింది, నెమలి కంఠం రంగులో వచ్చింది. వారం తిరగకుండా వంగింది.

#25 పాత_ఇనుము
అతని తప్పు కాదు. కత్తిపీటలకూ కూరగాయల కత్తులకూ సరిపోయే పొడి చక్రం అది. ఇరవై రూపాయలకు నీళ్ల తొట్టి కూడా తొక్కుకుంటూ తిరగమంటారా?

#26 మూస_ఉక్కు
టాంటో మొన గురించి ఎవరూ చెప్పలేదు. ఉలిలా కోణంగా ఉండేది. వెన్ను మందం దాదాపు చివరిదాకా వస్తుంది. బలమైన మొన అంటే అదే.

#27 సాన_రాయి
బలం నిజమే. సాన పట్టేటప్పుడు రెండు వాదరలు, మధ్యలో ఒక మూల. నా చేతికి ఆ మూల ఎప్పుడూ గుండ్రంగా అయిపోతుంది. జామకాయకు పొట్ట కూడా ఉండదు. ఈయనకు డ్రాప్ పాయింట్ చాలు. వెన్ను మెల్లగా కిందికి దిగుతూ వస్తుంది, మొన వెన్ను గీత కంటే కిందికి, మధ్యకు దగ్గరగా ఉంటుంది, వెనక సరిపడా మందం ఉంటుంది. వెన్ను చివర గిల్లినట్టు లోపలికి వంపు తిరిగి సూదిలా తేలే క్లిప్ పాయింట్ వద్దు. ఫొటోల్లో దర్జాగా కనిపించేవి ఎక్కువగా అవే.

కొట్టులో అయితే కత్తి తెరిచి వెన్నును కంటికి ఎదురుగా పెట్టి పై నుంచి చూడండి. పిడి దగ్గర 3 మిల్లీమీటర్లు ఉన్న మందం మొనకు సెంటీమీటరు వెనక దాకా ఎలా తగ్గుతోందో కనిపిస్తుంది. అక్కడే కాగితంలా అయిపోతే కింద పెట్టేయండి. రెండు చెంపలూ లోపలికి గుంటలా సాన పట్టినవి చాలావరకు అలాగే ఉంటాయి. వెన్ను నుంచి చదునుగా దిగేవి మేలు.

#28 మిద్దె_మొక్కలు
ఉక్కు పేరు మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

#29 సాన_రాయి
మీ బడ్జెట్‌లో 14సి28ఎన్ దొరికితే అదే. స్వీడన్ ఉక్కు. కర్బనం 0.6 శాతం చిల్లర, క్రోమియం 14, కాస్త నత్రజని. పలుకులు చాలా సన్నం కాబట్టి మొన తట్టుకుంటుంది, నీటి తడికి తుప్పు తొందరగా రాదు. పదును డి2 అంత కాలం నిలవదు, పది నిమిషాలు రాయి మీద రుద్దితే మళ్లీ వస్తుంది.

#30 పాత_ఇనుము
ఇందులో నాకూ అభ్యంతరం లేదు. ఏమైనా పెకలించకూడదు.

#31 అంటు_కత్తి
కోకోపీట్‌లో పోయిన ముక్క సంగతి అందరూ మరిచిపోయారు. మట్టి కలిపే ముందు పాత స్పీకరులోని అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి పొడిలో కలియతిప్పండి. స్టెయిన్‌లెస్ అయినా ఈ కత్తుల ఉక్కు అంటుకుంటుంది.

#32 మిద్దె_మొక్కలు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. సాన_రాయి గారు చెప్పినట్టు పాత రెండింటిని వెన్ను వైపు నుంచి అరగదీశాను. గంట అన్నారు, ఒక్కోదానికి రెండు గంటలు పట్టింది, బొటనవేలు బొబ్బ కట్టింది. మొదటిది దాదాపు గొర్రె పాదంలా తయారైంది, డ్రిప్ పైపులకు అదే వాడుతున్నాను, బ్రహ్మాండం. మూడోది, డి2 ది, అరగనంటోంది. అచ్చుల ఉక్కు అంటే ఏమిటో చేతికి అర్థమైంది.

కొత్తది కూడా కొన్నాను. 14సి28ఎన్, డ్రాప్ పాయింట్, 7.5 సెంటీమీటర్లు, లైనర్ లాకు (పిడి లోపలి రేకు పక్కకు జరిగి వాదరను ఆపేది). లాకు తెరిచేటప్పుడు వేలు వాదర దారిలో ఉంటోంది, అది అలవాటు కావాలి. దానితోపాటు హార్డ్‌వేర్ కొట్టులో ఒక చపటా స్క్రూడ్రైవర్ కూడా తీసుకున్నాను. పాత_ఇనుము గారికి అంకితం. బస్తా కుట్టు మొదటి ప్రయత్నంలోనే సర్రున వచ్చింది, మా ఆవిడ చూడలేదు.

#33 తాటి_ముంజ
సాక్షి లేనిది చెల్లదు.

#34 అంటు_కత్తి
అయస్కాంతం?

#35 మిద్దె_మొక్కలు
మర్చిపోయాను. ఇటుకను ఈసారి రాత్రంతా నానబెట్టి, పొడిని పళ్లెంలో పరిచి తిప్పాను. మొన ముక్క దొరికింది. దానితోపాటు ఒక తుప్పు మేకు, రెండు స్టేపుల్ పిన్నులు, మా ఆవిడ సంక్రాంతి నుంచి వెతుకుతున్న గోనె కుట్టే దబ్బనం. మిద్దె మీదికి అది ఎలా వెళ్లిందో నన్ను అడగకండి.

#36 పాత_ఇనుము
దబ్బనం మొన ఉందా, విరిగిందా?

#37 మిద్దె_మొక్కలు
కాస్త వంగింది.